ప్రార్థనకు నోచుకోని మాత్రలు

1969వ సంవత్సరం. దిల్‌సుఖ్‌నగర్ అనగానే ఇప్పటివాళ్ళకు మెట్రో స్తంభాలు, బట్టల షాపులు, కోచింగ్ సెంటర్ల బోర్డులు గుర్తొస్తాయి. అప్పట్లో మా నర్సింగ్ హోమ్ మేడ ఎక్కితే విజయవాడ రోడ్డు, దాని మీద ఎప్పుడో ఒక బస్సు, ఇప్పటి ఎల్బీనగర్ వైపు చూస్తే ఖాళీ జాగాలు, తోటలు కనిపించేవి. నేను అక్కడ స్టాఫ్ నర్సుని. పేరు రత్నమ్మ. మాది భువనగిరి దిక్కు ఒక పల్లె, క్రైస్తవ కుటుంబం. నగరంలోని పెద్దాసుపత్రిలో ట్రైనింగ్ పూర్తిచేసుకుని ఇక్కడ చేరాను. నర్సింగ్ హోమ్ నడిపే డాక్టర్ వసుంధర గారిది గుంటూరు వైపు. కొన్ని మంచాలు, ఒక కాన్పుల గది, మందుల అలమారా, అంతే మా రాజ్యం.

ప్రత్యేక తెలంగాణ కోసం ఊరంతా ఉడికిపోతున్న ఏడాది అది. ఇవాళ బందు, రేపు కర్ఫ్యూ. ముల్కీ అంటే ఇక్కడి మనిషి, నాన్‌ముల్కీ అంటే బయటి మనిషి. ఎవరు కనపడినా ముందు ఆ లెక్క తేల్చుకుని తర్వాత మాట్లాడేవాళ్ళు. మా డాక్టరమ్మ నోరు తెరిస్తే చాలు, ఏ ప్రాంతమో తెలిసిపోయేది. అయినా కాన్పు నొప్పులొచ్చిన ఆడది ప్రాంతం చూసుకుని ఆగలేదు కాబట్టి మాకు పని తక్కువ కాలేదు.

అలాంటి రోజుల్లో ఎలీశమ్మ తన కూతురిని తీసుకొచ్చింది. ఎలీశమ్మ మా చర్చి మనిషే, భర్త పోయినావిడ. సెక్రటేరియట్‌లో పనిచేసే రామ్మూర్తి గారనే ఆంధ్రా ఉద్యోగి ఇంట్లో వంటపని చేస్తూ, ఆ ఇంటి వెనక గదిలోనే ఉండేది. కూతురు సలోమికి ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. బాలవాడిలో, అంటే చిన్నపిల్లల బడిలో, ఆయాగా చేసేది. ఆ రోజు రెండు మెట్లెక్కి వచ్చి, ఆయాసంతో గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"ఎన్నాళ్ళనుంచమ్మా ఇలా?" అని డాక్టరమ్మ సలోమిని అడిగితే జవాబు తల్లి చెప్పింది.

"మస్తు దినాల సంది అమ్మా. ముట్టయితే కడుతలేదు. నడుమ నాలుగొద్దులు ఆగుతది, మళ్ల మొదలైతది. పిల్లకు లగ్గం కుదిరింది. జర గీ పరేషాన్ తీర్చుండ్రి."

నేను సలోమి కనురెప్ప కిందికి లాగి చూశాను. ఎర్రగా ఉండాల్సిన చోట రంగే లేదు. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్, అంటే ఒంట్లో ప్రతి మూలకూ ప్రాణవాయువుని మోసుకుపోయే ఎర్ర పదార్థం, ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. పొట్టలో గడ్డలేమీ చేతికి తగల్లేదు. డాక్టరమ్మ దీన్ని ఫంక్షనల్ బ్లీడింగ్ అన్నారు. గర్భసంచిలో రోగమేమీ లేకుండా, హార్మోన్ల తాళం తప్పడం వల్ల వచ్చే రక్తస్రావం. హార్మోన్ అంటే మన గ్రంథులు తయారుచేసి రక్తంలోకి వదిలే సరుకు. ఏ పని ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో అవయవాలకు అదే చెబుతుంది. సలోమి ఒంట్లో 'ఇక ఆపు' అని చెప్పే మాట సరిగ్గా అందడం లేదన్నమాట.

దానికి మందు ఉంది. గర్భం రాకుండా వేసుకునే హార్మోన్ మాత్రలు అప్పుడప్పుడే కోఠిలో మందుల షాపులకు వస్తున్నాయి. అవే ఈ రక్తాన్నీ కడతాయి. డాక్టరమ్మ దాచిపెట్టలేదు. ఎలీశమ్మను కూర్చోబెట్టి చెప్పారు: "చూడమ్మా, పెళ్ళయినవాళ్ళు వీటిని పిల్లలు వద్దనుకుని వాడతారు. మీ అమ్మాయికి మాత్రం నేనిచ్చేది రక్తం కట్టడానికి. మూడు వారాలు వెయ్యాలి, ఒక వారం ఆపాలి, మళ్ళీ మొదలుపెట్టాలి. మధ్యలో మాత్రం ఆపకూడదు. ఆపితే ఒక్కసారిగా పోతుంది. కొన్ని నెలలు వాడితే అదే గాడిలో పడుతుంది. తర్వాత మానేయచ్చు." ఎలీశమ్మ తలూపింది. సలోమి బల్ల మీద కూర్చుని కాలి వేళ్ళు చూసుకుంటూ ఉంది. పెళ్ళికాని పిల్ల విషయం తల్లితో మాట్లాడటమే ఆనాటి మర్యాద.

వారం తిరగకుండానే రక్తం కట్టింది. ఎలీశమ్మ సంతోషం పట్టలేకపోయింది. ఆ సంతోషంలోనే కొంప మునిగింది.

మా చర్చి సంఘంలో ఒక అలవాటుంది. కొత్త మందు ఏది తెచ్చుకున్నా అయ్యగారి దగ్గరికి, అంటే పాస్టరు దగ్గరికి, తీసుకుపోయి ప్రార్థన చేయించుకుంటారు. కొబ్బరినూనె కానీ, దగ్గు మందు కానీ, ఆయన దాని మీద చెయ్యి పెట్టి నాలుగు మాటలు చెబితే ధైర్యం. నేనూ చేయించుకున్నదాన్నే, దాన్ని నేను తప్పు పట్టను. ఇంత మంచి మందుకి ప్రార్థన చేయించడం మరిచానే అని ఎలీశమ్మ నొచ్చుకుంది. ఆదివారం ఆరాధన అయ్యాక, మిగిలిన మాత్రల డబ్బా కొంగున కట్టుకుపోయి అయ్యగారి ముందు పెట్టింది.

అయ్యగారికి ఇంగ్లీషు వచ్చు. డబ్బా మీద చదివారు. చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఎలీశమ్మా, ఇవి కుటుంబ నియంత్రణ మాత్రలు. పిల్లలు దేవుడిచ్చే దీవెన. ఆ దీవెనకు అడ్డం పడేదాని మీద నేను చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యలేను. అందులోనూ పెళ్ళికాని పిల్లకా?"

ఆయన మెల్లగానే అన్నారట. కానీ వెనక తమ తమ సీసాలు పట్టుకుని ఇంకో నలుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. గోడల మీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం బొమ్మలు, పిల్లలు పుట్టకుండా లూప్ వేస్తారన్న పేరు వింటేనే ఆడవాళ్ళు దవాఖాన గుమ్మం తొక్కని రోజులు. ఇంకేముంది! సాయంత్రానికి కబురు పెళ్ళికొడుకు ఇంటికి చేరింది. పెళ్ళికాని పిల్లకు ఆ గోలీలెందుకు అవసరపడ్డాయని కొందరు. ఆంధ్రా డాక్టరమ్మ మన పిల్లలను గొడ్రాళ్ళను చేస్తున్నదని ఇంకొందరు. ఆ పిల్ల తెల్లబారిపోయి ఉందన్న సంగతి ఒక్కళ్ళకూ గుర్తు లేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతోంది.

ఎలీశమ్మ భయపడి మాత్రలు ఆపేసింది. సరిగ్గా మధ్యలో.

ఇంటికొచ్చి ఏడుస్తుంటే రామ్మూర్తి గారు విన్నారు. ఆయన ప్రకృతి వైద్యం మనిషి. ఉప్పు మానేశారు. పొద్దున్నే పొట్ట మీద తడిమట్టి పట్టీ వేసుకుని వరండాలో వెల్లకిలా పడుకునేవారు. బందుల పుణ్యమా అని ఆఫీసుకు పోయే రోజులకంటే ఇంట్లో ఉండే రోజులే ఎక్కువై, వైద్యం చెయ్యడానికి మనిషి కోసం వెతుక్కుంటున్నారు. "నేను ముందే చెప్పలేదటమ్మా, ఇంగ్లీషు మందులు ఒంట్లో విషం నింపుతాయని? అమ్మాయికి అన్నం ఆపెయ్. నిమ్మరసం, తేనె ఇయ్యి. పొత్తికడుపు మీద మట్టి పట్టీ వేద్దాం. ప్రకృతే సరిచేసుకుంటుంది" అన్నారు.

తలనొప్పికి తడిబట్ట వేసుకో, నేనేమీ అనను. మా అమ్మా అరికాళ్ళు మండితే గోరింటాకు పెట్టేది. కానీ ఒంట్లో రక్తం లేక గోడ పట్టుకుని నడిచే పిల్లకు అన్నం మాన్పించడం ఏ ప్రకృతి చెప్పింది? మామూలు రోజుల్లో మా అయ్యగారు, రామ్మూర్తి గారు ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు. ఒకరికి దేవుడు, ఇంకొకరికి మట్టి. ప్రాంతం వేరు, మతం వేరు, కులం వేరు. ఆ ఏడాది హైదరాబాదులో ఏ ఇద్దరూ ఒక మాట మీద లేరు. ఈ పిల్ల కడుపు విషయంలో మాత్రం ఇద్దరికీ ఎంత బాగా కుదిరిందో చూడండి.

హార్మోన్ మాత్ర హఠాత్తుగా ఆపితే, అది పట్టి ఉంచిన గర్భసంచి లోపలి పొర ఒక్కసారిగా జారిపోతుంది. దాన్ని విత్‌డ్రాయల్ బ్లీడింగ్ అంటాం. మామూలు మనిషికి అది నెలసరి లాంటిదే. సలోమికి అది చావు. నాలుగో రోజు పొద్దున ఇరుగుపొరుగు వాళ్ళు రిక్షాలో తీసుకొచ్చారు. పైన చీర మీద దుప్పటి, దాని మీద ఇంకో దుప్పటి, అన్నీ తడిసే ఉన్నాయి. నాడి వేలికి అందీ అందకుండా పరుగెత్తుతోంది. పెదవులు మట్టి రంగులో ఉన్నాయి. పొత్తికడుపు మీద ఎండిన మట్టి ఇంకా అంటుకునే ఉంది. దాన్ని కడిగింది నేనే.

డాక్టరమ్మ సెలైన్ ఎక్కించి, హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి, "రక్తం కావాలి రత్నం, లేకపోతే ఈ పిల్ల సాయంత్రం చూడదు" అన్నారు. ఆ రోజు బందు. ఆవిడే కారులో రోడ్డెక్కితే రాళ్ళు పడేలా ఉంది. రక్తం శాంపిల్ సీసాలో పట్టుకుని, తెల్ల యూనిఫాంతోనే నేను ఆ కారులో డ్రైవరు పక్కన కూర్చున్నాను. మలక్‌పేట దగ్గర రోడ్డుకి అడ్డంగా బండరాళ్ళు పేర్చి కుర్రవాళ్ళు నిలబడ్డారు.

"ఏ ఊరు మీది?"

"భువనగిరి దిక్కు. దవాఖానల ఆడపిల్ల పానం మీదికొచ్చింది. రక్తం తేనీకి పోతున్న."

వాళ్ళలో ఒకడు నా చేతిలో సీసా చూశాడు. "బతుకుతదా సిస్టర్?" అని అడిగాడు. తెలియదన్నాను. రాళ్ళు పక్కకు జరిపి, వచ్చేటప్పుడు ఎవరూ ఆపకుండా చూస్తామన్నారు. పెద్దాసుపత్రి నేను ట్రైనింగ్ అయిన చోటే కాబట్టి అక్కడి బ్లడ్ బ్యాంకులో తెలిసినవాళ్ళు ఉన్నారు, గ్రూపు కలిపి రెండు సీసాలు ఇచ్చారు. ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. రెండో సీసా సగమయ్యేసరికి సలోమి కళ్ళు తెరిచి నీళ్ళు అడిగింది.

మర్నాడు రామ్మూర్తి గారు తేనె సీసా పట్టుకుని చూడ్డానికి వచ్చారు. "మీరు తొందరపడ్డారండీ డాక్టరు గారూ. ఇంకో రెండు రోజులు ఉపవాసం సాగనిచ్చి ఉంటే విషం పూర్తిగా బయటికి పోయేది" అన్నారు.

డాక్టరమ్మ సాధారణంగా గొంతు పెంచరు. "పోయింది విషం కాదండీ, రక్తం. ఆ దుప్పట్లు ఇంకా ఉతకలేదు, తెప్పించనా చూస్తారా?" అన్నారు. ఆయన తేనె సీసా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం పెళ్ళికొడుకు వచ్చాడు. ప్రభుదాసు అని, లారీ వర్క్‌షాపులో ఫిట్టరు. వాళ్ళమ్మ వెంట ఉంది. సలోమి గది తలుపు తెరిచే ఉంది. వాళ్ళు లోపలికి పోలేదు. వరండాలోనే డాక్టరమ్మను ఆపి, ప్రభుదాసు అడిగాడు: "అమ్మా, గా గోలీలు మింగినంక గూడ పిల్లలు పుడతరా?"

"మాత్రలు మానేశాక పుట్టడానికి అడ్డేమీ ఉండదు."

"గదే అడుగుదామని ఒచ్చినం" అని వాళ్ళమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఇద్దరూ అటునుంచి అటే వెళ్ళిపోయారు. నేను గదిలోకి పోయి చూస్తే సలోమి మేలుకునే ఉంది.

మా అయ్యగారికి చక్కెర జబ్బు. రోజూ పొద్దున్నే ఇన్సులిన్ వేయించుకోవడానికి మా దగ్గరికే వచ్చేవారు. ఆ మర్నాడు ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్నారు. సిరంజి నా చేతిలో ఉంది. నాకు ఆగలేదు.

"అయ్యగారూ, గీ ఇన్సులిన్ గూడ హార్మోనే. మీ ఒంట్ల సరిగ తయారైతలేదని బయటనుంచి ఇస్తున్నం. సలోమికి ఇచ్చింది గూడ గట్లనే."

"అది వేరు రత్నమ్మా. ఇది ప్రాణం నిలబెట్టే మందు."

"ఆమెది పానం కాదా అయ్యగారూ? మీరు ఒద్దన్నరని ఆపిండ్రు. మొన్న పోవాల్సింది పిల్ల."

"నేను ఆపమనలేదు. ప్రార్థన చెయ్యనన్నాను. ఆ మాత్రలు ఇంకెందుకు వాడతారో నాకు తెలుసు, నీకూ తెలుసు. నా మనస్సాక్షికి నేను జవాబు చెప్పుకోవాలి."

ప్రార్థన చెయ్యనంటే ఎలీశమ్మ లాంటి మనిషికి ఆపమన్నట్టే అని ఆయనకు తెలియదా? నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. సూది గట్టిగా గుచ్చాలనిపించింది కూడా. గుచ్చలేదు. దూది అద్ది పంపించాను.

సలోమి కోలుకుంటోంది. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి డాక్టరమ్మ తల్లిని బయట కూర్చోమని, సలోమి మంచం పక్కన కుర్చీ వేసుకుని, మాత్ర ఏం చేస్తుందో, ఎందుకు మధ్యలో ఆపకూడదో బొమ్మ గీసి మరీ చెప్పారు. సలోమి రెండు మూడు ప్రశ్నలు అడిగింది. అంతవరకూ ఆ పిల్ల గొంతు నేను సరిగ్గా వినలేదు.

ఇంతలో బయట రాజీ కుదిరింది. మా చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని అడుగుతారు. సలోమి, ప్రభుదాసుల పేర్లు రెండుసార్లు చదివాక ఈ గొడవ వచ్చి మూడోసారి ఆగిపోయింది. పిల్లలు పుడతారని తేలింది కాబట్టి పెళ్ళికొడుకు వాళ్ళు మెత్తబడ్డారు. ఎలీశమ్మ అయ్యగారి దగ్గరికి పోయి, "నా బిడ్డతోని గోలీలు బంద్ చేయిస్త" అని మాటిచ్చి వచ్చింది. పాపం, ఆవిడ బాధ ఆవిడది. మనసులో ఏముంటే అది చేసే మనిషి కాదు, నలుగురూ ఏమంటే అది చేసే మనిషి.

పేర్లు మూడోసారి చదివే ఆదివారం సలోమి నా పక్కనే చాప మీద కూర్చుంది. ఇంకా నీరసంగానే ఉంది. అయ్యగారు కాగితం తీసి పేర్లు చదివారు. అక్కడితో ఆగి ఉంటే ఏమయ్యేదో! "సంఘంలో కొందరికి ఉన్న సందేహం గురించి ఒక మాట. ఆ మాత్రలు మాన్పిస్తానని తల్లి మనకు మాటిచ్చింది" అని కూడా చదివారు. పెళ్ళికాని పిల్ల నెలసరి మందు సంగతి, మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క కూర్చున్న నిండు సంఘంలో! నాకు తల కొట్టేసినట్టయింది. తర్వాత అలవాటు ప్రకారం, "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి" అన్నారు.

అది ఎవరూ జవాబు చెప్పని ప్రశ్న. నా ఎరుకలో ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. సలోమి నా భుజం పట్టుకుని లేచింది.

"నాకున్నది అయ్యగారూ."

అయ్యగారికి అర్థం కాలేదు. "నీ పేరే కదమ్మా చదివింది, కూర్చో" అన్నారు.

"నా పేరే. గందుకే లేసిన. మాట మా అమ్మ ఇచ్చిందట, నేనియ్యలె. నన్నెవరు అడగలె. గోలీలు బంద్ చేస్తే సావు దాక పోయొచ్చిన. డాక్టరమ్మ ఆపమన్నదాక నేను ఆప." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. తర్వాత మగవాళ్ళ వైపు తిరిగి ప్రభుదాసును చూసి అంది: "మీరు దవాఖానకొచ్చి పిల్లలు పుడతరా అని అడిగిపోయిండ్రు. నేను బతుకుతనా అని అడగలె. గట్లాంటి ఇంటికి నేను రాను."

ప్రభుదాసు తల వంచుకున్నాడు. అయ్యగారు కాగితం మడిచి, పాట ఎత్తుకోమన్నారు. సలోమి కూర్చుంది. నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఆ పెళ్ళి జరగలేదు. అయ్యగారు మారిపోయారని చెబితే వినడానికి బాగుంటుంది. మారలేదు. మర్నాడు మామూలుగానే వచ్చి ఇన్సులిన్ వేయించుకున్నారు. నేను మామూలుగానే వేశాను. రామ్మూర్తి గారు బదిలీ చేయించుకుని వెళ్ళేదాకా ఉపవాసం ఇంకాస్త సాగి ఉంటేనా అనే అన్నారు. మారింది మా నర్సింగ్ హోమ్ పద్ధతి ఒక్కటే. ఆ తర్వాత పెళ్ళయినా కాకపోయినా, మందు మింగేది ఎవరో ముందు వాళ్ళతో మాట్లాడేవాళ్ళం, తల్లీ అత్తా మొగుడూ తర్వాత. సలోమి డాక్టరమ్మ చెప్పినన్ని నెలలూ మాత్రలు వేసుకుంది. మానేశాక కూడా నెలసరి గాడి తప్పలేదు.

నాకు ఈ కేసు నేర్పిందేమిటో ఎన్నోచోట్ల చెప్పాను. నర్సింగ్ చదివే పిల్లలకు చెప్పాను, పెద్ద డాక్టర్లకు చెప్పాను, మా ఇంట్లో వాళ్ళకూ చెప్పాను. అందరూ శ్రద్ధగా వింటారు. అయ్యగారిని తిడతారు, రామ్మూర్తి గారిని చూసి నవ్వుతారు, ప్రభుదాసుకు బాగా అయిందంటారు. అంతా అయ్యాక, ఒక్కసారి కూడా తప్పకుండా, ఎవరో ఒకరు అడుగుతారు: "అవును గానీ, తర్వాత ఆమెకు పిల్లలు పుట్టారా?"

నేను చెప్పను. మీకూ చెప్పను. సలోమి బతికింది.